రిలీవర్ రాని రాత్రి

రాయపూర్‌కు సముద్రం లేదు. తెలీబాంధా చెరువు గట్టుకే మెరైన్ డ్రైవ్ అని పేరు పెట్టుకుని ఊరంతా సాయంత్రాలు అక్కడ గాలి పోసుకుంటుంది. ఆ గట్టు మీద ఆడుకుని పెరిగిన కుర్రాడొకడు ఈ మధ్య మా ఇంటికొచ్చి, షిప్పు ఉద్యోగానికి వెళ్తానన్నాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. సిల్తరాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఏడాదిగా షిఫ్టులు చేస్తున్నాడు. వాళ్ళ తాతగారు పార్వతీపురం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1931లో విజయనగరం లైను రాయపూర్ దాకా పూర్తయింది. ఆ లైను వెంట వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి.

వాళ్ళమ్మకు ఈ ఆలోచన మింగుడు పడలేదు. సముద్రం మీద బతుకు ఎలా ఉంటుందో చూడాలని వీడు ఆదివారం రాత్రి ఇంట్లో టీవీలో ‘ది లైట్‌హౌస్’ సినిమా పెట్టాడట. ఆవిడ సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. “ఏటి మాస్టారూ ఇది! మనుషులకి మతి పోయే సినిమా చూపించి, నేనూ అక్కడికే ఎల్తానంటాడు” అని నా దగ్గర బాధపడింది.

వాళ్ళ నాన్న మాత్రం చివరిదాకా చూశాడు. గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు మాటలు పెద్దగా అర్థం కాలేదు గానీ, ఒకచోట మాత్రం కుర్చీలో ముందుకు వంగాడట. ఇద్దరు లైట్‌హౌస్ కాపలాదారులు డ్యూటీ గడువు పూర్తయ్యాక పడవ కోసం ఎదురు చూస్తుంటారు. పడవ రాదు. “రిలీవర్ రాలేదు. ఇంక అయిపోనట్టే” అన్నాడట ఆయన.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఓడ ఉద్యోగాల గురించి రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయన చెప్పినట్టయింది.

దెయ్యం ఎక్కడుంది?

‘ది లైట్‌హౌస్’ 2019లో వచ్చింది. దర్శకుడు రాబర్ట్ ఎగ్గర్స్. విలెం డఫో ముసలి కాపలాదారు, రాబర్ట్ ప్యాటిన్సన్ కొత్తగా చేరిన సహాయకుడు. 1890ల నాటి అమెరికా తూర్పు తీరం, ఒక రాతి దీవి, నాలుగు వారాల డ్యూటీ. సినిమా అంతా నలుపు తెలుపులో, దాదాపు చదరంగా ఉండే ఇరుకు చట్రంలో సాగుతుంది. పొగమంచు హారన్ ఆగకుండా మోగుతుంటుంది.

దీన్ని దెయ్యాల సినిమాగా చూస్తే జలకన్య, సముద్రపు పక్షులు, పీడకలలు కనిపిస్తాయి. ఉద్యోగం చేసేవాడి కళ్ళతో చూడండి, వేరే సంగతులు కనిపిస్తాయి. పైవాడు దీపం గదిలోకి కిందివాణ్ణి రానివ్వడు. నిబంధనల పుస్తకంలో వంతులవారీగా చూసుకోవాలని ఉందని కుర్రవాడు అడిగితే కసురుతాడు. బొగ్గు మోత, నీటి తొట్టి శుభ్రం, గోడకు సున్నం అన్నీ ఒక్కడి మీదే. నిద్ర చాలదు. తాగుడు మొదలవుతుంది. సీసా ఖాళీ అయ్యాక తాగకూడనిది తాగుతారు. ఎన్ని రోజులైందో ఇద్దరికీ లెక్క తప్పుతుంది. పైవాడు లాగ్‌బుక్కులో ఏం రాస్తున్నాడో కిందివాడికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది: వీడు పనికిరాడు, జీతం లేకుండా పంపెయ్యండని రాసి ఉంటుంది.

ఇందులో ఏ ఒక్కటీ మాయ కాదు. మన ఊరి ఫ్యాక్టరీల్లోనూ, యార్డుల్లోనూ చిన్న మోతాదులో రోజూ జరిగేవే. సముద్రం చేసే పని ఏమిటంటే, తప్పించుకునే దారులన్నీ మూసేసి వీటిని ఒకే గదిలో కుక్కడం.

ఈ సినిమాకు స్ఫూర్తినిచ్చిన అసలు ఘటన ఒకటుంది. బ్రిటన్‌లోని వేల్స్ తీరానికి దూరంగా స్మాల్స్ అనే రాళ్ళ మీద ఒక లైట్‌హౌస్ ఉండేది. 1801 ప్రాంతంలో అక్కడ థామస్ హోవెల్, థామస్ గ్రిఫిత్ అనే ఇద్దరు కాపలా ఉన్నారు. ఇద్దరికీ పడదని ఒడ్డున అందరికీ తెలుసు. గ్రిఫిత్ చనిపోయాడు. శవాన్ని సముద్రంలో వదిలితే తానే చంపాడంటారని హోవెల్ భయపడ్డాడు. పెట్టె చేసి, శవాన్ని అందులో పెట్టి, బయట కట్టాడు. తుపాను గాలికి పెట్టె పగిలి, శవం చెయ్యి వేలాడుతూ గాలికి ఊగేది. ఆ దారిన పోయే ఓడలవాళ్ళకు ఎవరో చెయ్యి ఊపుతున్నట్టే కనిపించిందట. రిలీవర్లు వచ్చేసరికి హోవెల్ స్నేహితులే గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. దీపాన్ని మాత్రం ఒక్క రాత్రి కూడా ఆరనివ్వలేదు.

ఆ తర్వాత ఏం చేశారన్నది నాకు ముఖ్యం. ఇంకా గుండె ధైర్యం ఉన్నవాళ్ళను వెతకలేదు. కాపలాదారుల సంఖ్య ఇద్దరి నుంచి ముగ్గురికి పెంచారు. మూడో మనిషి ఉంటే పోట్లాటకు పెద్దమనిషి ఉంటాడు, చావుకు సాక్షి ఉంటాడు, మిగిలినవాడికి తోడుంటుంది. ఒంటరితనానికి మందు ఏర్పాటులో ఉంది. ఓడ ఉద్యోగానికి వెళ్ళే ప్రతి బిడ్డకూ, పంపే ప్రతి తల్లికీ నేను చెప్పదలిచింది ఇదే: నీకు ధైర్యం ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఏర్పాట్లు ఉన్నాయా అని అడగండి.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలు

మన దేశంలోనూ ఇలాంటి సినిమా వచ్చింది. విక్కీ కౌశల్ నటించిన ‘భూత్: ద హాంటెడ్ షిప్’ 2020 ఫిబ్రవరిలో విడుదలైంది. విడగొట్టడానికి అలంగ్ తీసుకెళ్తున్న ఎంవీ విజ్‌డమ్ అనే ఓడ 2011లో ముంబై జుహూ తీరంలో ఇసుకలో ఇరుక్కుంది. ఆ సంగతే సినిమాకు విత్తనం. అందులో హీరో నౌకాశాఖ అధికారి. భార్యను, కూతుర్ని ప్రమాదంలో పోగొట్టుకున్న అపరాధ భావం మోస్తూ డ్యూటీకి వస్తాడు. చనిపోయినవాళ్ళు కళ్ళ ముందు తిరుగుతుంటారు. ఓడలో దెయ్యం సంగతి పక్కన పెట్టండి, గుండెలో తేరని దుఃఖంతో ఒంటరి డ్యూటీకి వెళ్ళిన మనిషి కథ మాత్రం నూరుపాళ్ళు నిజం.

2020 అక్టోబరులో విశాఖలో తెన్నేటి పార్కు దగ్గరికి ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ గాలివానకు కొట్టుకొచ్చింది. మన రాయపూర్ నుంచి వెళ్ళిన చుట్టాలు కూడా దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఒడ్డు నుంచి చూసేవాళ్ళకు ఆగిపోయిన ఓడ ఒక వింత. లోపల ఉండిపోయేవాళ్ళ సంగతి వేరు.

దానికి మొహమ్మద్ ఆయిషా అనే సిరియా నావికుడి ఉదంతం చాలు. ఎంవీ అమన్ అనే సరుకు ఓడలో అతను చీఫ్ ఆఫీసరు. 2017 జులైలో భద్రతా పత్రాల గడువు తీరిందని ఆ ఓడను ఈజిప్టులో అదాబియా రేవులో ఆపేశారు. యజమానులు డబ్బు కట్టలేదు. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. స్థానిక కోర్టు ఆయిషాను ఓడకు చట్టబద్ధమైన సంరక్షకుడిగా ప్రకటించింది. ఆ కాగితం అర్థమేమిటో తనకెవరూ చెప్పలేదని, సంతకం పెట్టానని తర్వాత అతను వాపోయాడు. ఆ సంతకంతో ఓడ అమ్ముడయ్యేదాకానో, మరొకరు ఆ స్థానంలోకి వచ్చేదాకానో అతను కదలడానికి లేకుండా పోయింది. మిగతా సిబ్బంది ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2018లో తల్లి చనిపోయినా వెళ్ళలేకపోయాడు. ఓడలో కరెంటు లేదు. 2020 మార్చిలో తుపానుకు ఓడ ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల దూరానికి కొట్టుకొచ్చింది. అప్పటి నుంచి కొద్ది రోజులకోసారి ఈదుకుంటూ వెళ్ళి ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, తిండి తెచ్చుకునేవాడు.

2021 ఏప్రిల్‌లో అతను ఇంటికి చేరాడు. ఎలా? అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, అందరూ ఐటీఎఫ్ అనేది, దాని ప్రతినిధి ఒకరు సంరక్షకుడి బాధ్యత తన మీద వేసుకున్నాడు. అంటే రిలీవర్ వచ్చాడు. మా గార్డుగారు చెప్పింది అక్షరాలా అదే.

ఇది ఎక్కడో ఒకరికి జరిగిన విడ్డూరం అనుకోవద్దు. ఐటీఎఫ్ లెక్కల్లో 2024లో 312 ఓడల్లో 3,133 మంది నావికులను యజమానులు వదిలేశారు. వాళ్ళలో అందరికంటే ఎక్కువమంది భారతీయులు. కోవిడ్ కాలంలో గడువు దాటినా దిగలేక ఓడల్లో చిక్కుకున్నవాళ్ళు ఒక దశలో 4 లక్షల దాకా ఉన్నారు. 23 మంది భారతీయులున్న జగ్ ఆనంద్ అనే ఓడ 2020 జూన్ నుంచి 2021 జనవరి దాకా చైనా రేవు బయట లంగరు వేసుకుని నిలబడిపోయింది.

ఇవి చదివి బెంబేలెత్తిపోమని నేను చెప్పను. ఓడ ఉద్యోగం గౌరవమైన ఉద్యోగం. మంచి కంపెనీలో చేరి పద్ధతిగా వెళ్ళి, పద్ధతిగా వచ్చి, ఇల్లు నిలబెట్టిన తెలుగు కుర్రాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళకూ, చిక్కుకున్నవాళ్ళకూ తేడా చాలాసార్లు ఎక్కకముందు చూసుకున్న కాగితాల దగ్గరే ఉంటుంది.

ఎక్కకముందు: కాగితాలు

మా కుర్రాడు తెచ్చిన కాగితం ఫోన్‌లో వచ్చిన ఒక ఫొటో. ఒక ఏజెంటు పంపాడు. మూడు లక్షలు కడితే నేరుగా ఓడలో చేర్పిస్తానని ఉంది. ఓడ పేరు లేదు. కంపెనీ పేరు సగమే ఉంది. నేను వాడితో కూర్చుని ఈ కింది వాటిని ఒక్కొక్కటే రాయించాను. మీరూ రాసుకోండి.

1. ముందు వైద్య పరీక్ష. ఫీజులు కట్టకముందే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తించిన డాక్టరు దగ్గర చూపు, రంగుల గుర్తింపు, వినికిడి పరీక్ష చేయించుకోండి. రంగుల గుర్తింపులో లోపం ఉందని కోర్సు మధ్యలో తెలిస్తే డబ్బూ, ఏడాదీ రెండూ పోతాయి. విశాఖలో ఇలాంటి డాక్టర్లున్నారు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం, 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా ఉంది.

2. సరైన కోర్సు. పదో తరగతి చదివినవాళ్ళకు ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు ఉంది. ఇంటరు తర్వాత డెక్ వైపు, ఇంజిన్ వైపు చదువులకు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్ళకు ఏడాది పాటు ఉండే గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజనీరింగ్ ఉంది. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో షిప్పింగ్ డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. కోర్సుతో ఉద్యోగం గ్యారంటీ అనేవాడి మాట కాగితం మీద ఉంటేనే నమ్మండి.

3. మీ సొంత పత్రాలు. నావికుల జాతీయ డేటాబేస్‌లో మీకిచ్చే ఇండోస్ నంబరు, సీడీసీ అనే నావికుడి గుర్తింపు పుస్తకం, ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా కోర్సుల సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు. ఇవన్నీ మీ పేరు మీద, మీరు స్వయంగా దరఖాస్తు చేసుకున్నవై ఉండాలి. కోర్సుకు వెళ్ళకుండా సర్టిఫికెట్ తెచ్చిస్తానన్నవాడు మీకు మేలు చేయడం లేదు. ఓడకు నిప్పంటుకున్న రోజు ఆ సర్టిఫికెట్ పైపు పట్టుకోదు.

4. ఏజెంటు లైసెన్సు. మన దేశంలో నావికులను ఓడల్లో చేర్చే సంస్థకు ఆర్‌పీఎస్ లైసెన్సు ఉండాలి. నంబరు అడగండి. ఆ నంబరును షిప్పింగ్ డైరెక్టరేట్ జాబితాతో మీరే సరిపోల్చుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఖచ్చితంగా చెబుతోంది. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, సీడీసీ ఖర్చులు మీవి కావచ్చు, వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిది. లక్షలు అడిగారంటే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

5. ఓడ వివరాలు. ప్రతి పెద్ద ఓడకూ ఏడు అంకెల ఐఎంఓ నంబరు ఉంటుంది. పేరు మార్చినా, జెండా మార్చినా ఆ నంబరు మారదు. ఎక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఓడ వయసు, యజమాని, తనిఖీల్లో ఎన్నిసార్లు ఆగిందీ కనిపిస్తాయి. వదిలేసిన ఓడల జాబితాను అంతర్జాతీయ కార్మిక సంస్థ అందరికీ అందుబాటులో ఉంచింది. ఆ యజమాని పేరు అందులో ఉందేమో చూడండి.

6. ఒప్పందం. మీ పేరు, హోదా, జీతం, ఎన్ని నెలలు, ఎక్కే రేవు, తిరిగి ఇంటికి చేర్చే ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఎక్కకముందు చదువుకునే సమయం అడగడం మీ హక్కు. మీ సంతకం ఉన్న కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో ఉండాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆయిషా దాదాపు నాలుగేళ్ళు పోగొట్టుకున్నది అక్కడే.

7. వీసా. టూరిస్టు వీసా మీద వెళ్ళి ఓడ ఎక్కమంటే ఆ ప్రయాణమే వద్దు.

సముద్ర కార్మిక ఒప్పందం అని నేనంటున్నది 2006లో కుదిరి, 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. భారతదేశం 2015లో ఆమోదించింది. దీని ప్రకారం నావికుణ్ణి సెలవు లేకుండా 12 నెలలు ఓడ మీద ఉంచకూడదు, అంటే 11 నెలలకు మించి ఉంచడానికి లేదు. 2017 జనవరి నుంచి అమలవుతున్న సవరణ ప్రకారం, యజమాని వదిలేస్తే ఆదుకోవడానికి ఓడకు బీమా లాంటి ఆర్థిక హామీ ఉండాలి. నాలుగు నెలల దాకా జీతం బకాయి, తిండి, నీళ్ళు, ఇంటికి చేరే ఖర్చు అందులోకి వస్తాయి. రెండు నెలలు జీతం ఇవ్వకపోవడం కూడా వదిలేయడం కిందే లెక్క. కాబట్టి రెండో నెల జీతం పడలేదంటే సర్దుకుపోదాంలే అని ఊరుకోవద్దు. గడియారం అప్పుడే మొదలైంది.

ఎక్కాక: మనసు కాపాడుకోవడం

సినిమాలో ఇద్దరి పతనం నిద్ర చాలకపోవడంతో మొదలవుతుంది. మనిషి 17 గంటలు మేలుకుంటే అతని చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే నిద్ర లేని ఇంజిన్ రూమ్ మనిషి మన ఘడీ చౌక్‌లో బండి నడపడానికి కూడా పనికిరాడు. ఇంకా మేలుకుంటే చప్పుళ్ళు వినిపించడం, నీడలు కదిలినట్టు అనిపించడం మామూలే. అది దెయ్యం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. శరీరం అడుగుతున్న అప్పు.

నియమం ఇలా ఉంది: ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు. రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. ఈ లెక్కను ఓడలో రాసి, మీ సంతకం తీసుకుంటారు. చేయని విశ్రాంతిని చేసినట్టు రాస్తే సంతకం పెట్టకముందు మర్యాదగా అడగండి. మీ సొంత పాకెట్ పుస్తకంలో రోజూ రెండు ముక్కలు రాసుకోండి: తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పని. సినిమాలో కుర్రవాడికి సొంత రాత లేదు కాబట్టి ముసలివాడి రాతే మిగిలింది. పుస్తకంలో తేదీ వేయడానికి ఇంకో లాభం ఉంది. అన్నీ ఒకే నీలిరంగులో కలిసిపోయే రోజుల్లో, ఇవాళ ఏ వారమో తెలియడమే ఒక పట్టు.

రెండోది తిండి దగ్గర గొడవ. ముసలివాడి వంట బాగోలేదని కుర్రవాడు అనేసరికి రేగే పోట్లాట చూసి నవ్వొస్తుంది. ఓడలో చేసి వచ్చినవాళ్ళు నవ్వరు. ఇరవై మంది, ఆరు భాషలు, ఒకే మెస్సు. పప్పులో ఉప్పు మీద మొదలైన మాట మూడు నెలల మౌనంగా మారుతుంది. వారానికోసారి వంటవాడికి ఒక్క మంచి మాట చెప్పండి. ఒక గోంగూర సీసా తీసుకెళ్తే ఒక్కరే తినకండి, బల్ల మీద పెట్టండి. పని అయ్యాక తలుపేసుకుని ఫోన్ పట్టుకోవడం తేలిక. రోజుకు ఒక పూటైనా నలుగురితో కూర్చుని తినండి. స్మాల్స్ రాళ్ళ మీద మూడో మనిషిని పెట్టింది ఇందుకే. ఆ మూడో మనిషిని మీరే వెతుక్కోవాలి.

మూడోది మందు. విసుగుకూ, నిద్రకూ, భయానికీ మందు ఒక్కటే అనిపించే రాత్రులు వస్తాయి. ఉద్యోగం పోవడం ఒక్కటే దాని ప్రమాదం అనుకోకండి. ముందున్న దిగులును అది మర్నాటికి రెట్టింపు చేసి ఇస్తుంది.

నాలుగోది వేధింపు. పైవాడు తిట్టినా, కొట్టినా, జీతం కోస్తానని బెదిరించినా ఓడలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ఉండాలి, దాని కాపీ మీకివ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే ఓడ ఆగిన రేవు అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్లు చాలా రేవుల్లో ఉన్నారు. నావికుల కోసం రాత్రింబవళ్ళు నడిచే సీఫేరర్ హెల్ప్ అనే ఉచిత సహాయ కేంద్రం ఉంది. ఈ నంబర్లు ఎక్కకముందే కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్ చచ్చిపోయిన రోజే వాటి అవసరం వస్తుంది.

ఇంట్లోవాళ్ళకు

అమ్మలకూ నాన్నలకూ ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి.

పిల్లవాడు ఫోన్ చేసినప్పుడు “ఎప్పుడొస్తావు” అని ఏడవకండి. “ఇవాళ ఏం తిన్నావు, నిద్ర పట్టిందా, నీతో పని చేసే కుర్రాడి పేరేంటి” అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రోజురోజుకూ చిన్నవవుతుంటే అది గుర్తు. తినడం తగ్గడం, నిద్ర పట్టకపోవడం, అందరూ నా మీద కుట్ర చేస్తున్నారనడం, నేను లేకపోతే మీకు బాగుంటుందని అనడం విన్నారంటే తెల్లారేదాకా ఆగొద్దు. కంపెనీకి, లైసెన్సున్న ఏజెంటుకు ఫోన్ చేసి కెప్టెన్‌కు చెప్పమనండి. ఓడలకు డాక్టరు సలహా రేడియో మీదా, ఉపగ్రహ ఫోన్ మీదా దొరుకుతుంది. మీరు ఇక్కడి నుంచి 14416కు చేసి టెలీ మానస్ వాళ్ళతో తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ అది, ఖర్చు లేదు.

ఇంట్లో చావు, అప్పు, పెళ్ళి గొడవ లాంటివి జరిగితే దాచి, ఆర్నెల్ల తర్వాత చెప్పడం మన వైపు అలవాటు. వాడి మంచికే అనుకుంటాం. దిగి వచ్చాక తెలిసిన చావు వాణ్ణి జీవితాంతం వెంటాడుతుంది. వాడు వాచ్ దిగి, ఆరు గంటల విశ్రాంతి ముందున్న సమయం చూసి, పక్కన ఒక మనిషి ఉన్నాడో లేడో కనుక్కుని నిజం చెప్పండి. ఇంట్లో ఈమధ్యే పెద్ద దుఃఖం జరిగి ఉంటే ఓడ ఎక్కడాన్నే కొంతకాలం వాయిదా వేయించండి. ఉద్యోగం మళ్ళీ వస్తుంది. ‘భూత్’ హీరోలా గుండెలో శవాలను మోసుకుంటూ డ్యూటీకి పంపకండి.

ఓడ పేరు, ఐఎంఓ నంబరు, ఏజెంటు లైసెన్సు నంబరు, ఒప్పందం కాపీ, దిగాల్సిన తేదీ: ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి దేవుడి గదిలో పెట్టుకోండి. తుపానుకు దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడం మన నమ్మకం. దాని పక్కన ఈ కాగితం కూడా ఉంటే మన జాగ్రత్త.

2018 నవంబరులో శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్ బోట్ల మీద వేటకెళ్ళి పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ కథే 2025లో ‘తండేల్’ సినిమా అయింది. అన్నాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగింది ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళే. ఒడ్డున కాగితం పట్టుకుని నిలబడే మనిషి ఉంటేనే సముద్రం మీద మనిషి ఇంటికొస్తాడు.

ఒడ్డున ఉండేవాళ్ళకు కూడా

ఓడ ఎక్కే ఉద్దేశం లేనివాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. సిల్తరా, ఉర్లా ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులో కంట్రోల్ రూమ్‌లో ఒక్కడే కూర్చునేవాడు, గోదాము కాపలావాడు, మారుమూల సైటులో నెలల తరబడి ఉండే సర్వేయరు, అందరిదీ చిన్న లైట్‌హౌసే. మీ తర్వాత ఎవరు వస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో షిఫ్టు మొదట్లోనే అడగండి. డబుల్ డ్యూటీ వరసగా రెండోసారి పడితే ఒప్పుకోకండి, కుదరకపోతే కనీసం రాసిపెట్టుకోండి. గంటకోసారి ఇంకో విభాగంలో ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడే అలవాటు పెట్టుకోండి. సూపర్‌వైజర్లయితే, రాత్రి ఒక్కడే ఉండే చోట రెండో మనిషిని అడిగి తెచ్చుకోండి. 1801లో ఒక శవం చెయ్యి ఊపితే గానీ అర్థం కాని సంగతి ఇది. మనకు అంతదాకా రానక్కర్లేదు.

ఇక మా కుర్రాడి సంగతి. రాయించిన జాబితా పట్టుకుని ఇంటికెళ్ళాడు. ఏజెంటుకు ఫోన్ చేసి లైసెన్సు నంబరు, ఓడ నంబరు అడిగాడు. డబ్బు కట్టాక చెప్తామన్నారట. పక్కనే కూర్చున్న నాన్న చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

“బాబూ, మావోడు ఎక్కింతర్వాత దించడానికి ఎవులొస్తారు? ఏ తేదీకొస్తారు? అదొక్కటీ సెప్పండి సాలు” అన్నాడు.

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

డబ్బు బ్యాంకులోనే ఉంది. కుర్రాడు వచ్చే నెల వైద్య పరీక్షకు విశాఖ వెళ్తున్నాడు. వాళ్ళమ్మ కూడా వెళ్తానంటోంది. ఆవిడ సముద్రాన్ని చూసి చాలా ఏళ్ళయిందట.